ఎండ పలక మీద నీడ

దీపం రెండుసార్లు వణికి ఆరిపోయింది.

పొద్దుగూకి ఎంతోసేపు కాలేదు. పొయ్యి మీద మొదటి రొట్టె ఇంకా పొంగనేలేదు. అరుగు మీద ఒళ్ళో చాటలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లో బీడీలు సగం చుట్టినవి చుట్టినట్టే ఉండిపోయాయి. గోడ అవతల దేవిదాస్ ఇంట్లో పసిపిల్ల కెవ్వుమంది. ఆ ఇంట్లో వెలిగే ఒక్క బల్బు కూడా ఈ ఇంటి బ్యాటరీదే, ఈ దీపానికి తోబుట్టువే మరి.

"ఆరింది," అంది పొరుగింటి హన్మవ్వ, అక్కడున్న వాళ్ళెవరికీ కళ్ళు లేనట్టు.

తారాబాయి లేచి గోడకున్న డబ్బా దగ్గరికి వెళ్ళింది. డబ్బా మీద ఎర్రచుక్క వెలుగుతోంది. బ్యాటరీలో ఇక ఏమీ లేదని దానర్థం. ఈ వారంలో ఆ ఎర్రచుక్కను చూడటం ఆమెకు కొత్త కాదు. అయినా ఇవాళ దాన్ని చూడగానే ముందు వాకిలివైపు చూసింది.

ఎందుకంటే వాకిట్లో దేవిదాస్ కూర్చుని ఉన్నాడు. ఆమె మరిది. వచ్చి చాలాసేపయింది. దీపం ఆరుతుందా లేదా చూడటానికే వచ్చాడు. భుజానికి నల్ల తీగ చుట్ట తగిలించుకుని మరీ వచ్చాడు.

"వదినె, మొన్న బోరింగు కాడ నలుగుట్ల ఏమన్నవ్?"

"ఏమన్ననో నాకెర్కే."

"ఎర్కైతే నోటితోని చెప్పు. ఇంటం."

తారాబాయి తడుముకోలేదు. "ఇంకొక్కసారి నా దీపం నడుమల ఆరితే తీగ నేనే తెచ్చి ఇస్తనన్న. ఇంకోసారి నోరెత్తనన్న."

"ఆరిందా?"

"ఆరింది."

"ఇగ అయిపాయె." దేవిదాస్ తీగ చుట్టను తెచ్చి అరుగు మీద, ఆమె కూర్చునే చోటే పెట్టాడు. "పది దినాల బాలింత సీకట్ల కూసున్నదొదినె. దోమలు పిల్లను పీక్కతింటున్నయ్. ఫ్యానుంటే అయితుండెనా? నీ మిద్దె మీది అద్దం ముక్క ఫ్యాను తిప్పుతదా? నేను నీతోని పంచాయితికి రాలే. నా బిడ్డ కోసం వచ్చిన."

దేవిదాస్ పెడసరంగా మాట్లాడతాడు గానీ అబద్ధమాడడు. అదే తారాబాయికి మరీ కష్టంగా ఉంది.

ఆ కరెంటు కథ వాగు ఇవతలున్న ఈ కొన్ని ఇళ్ళకు కొత్తది కాదు. సర్కారు స్తంభాలు రుద్రూర్ నుంచి వస్తూ వస్తూ వాగు అవతలే ఆగిపోయాయి. ఇవతల ఉన్నదల్లా చెరుకు మోటర్లకు వేసిన లైను. తీగ చివర ఇనుప కొండి కట్టి, వెదురు గడతో ఎత్తి ఆ లైనుకు తగిలిస్తే ఇళ్ళలో బల్బులు వెలిగేవి. ఆ కొండి తగిలించడంలో తారాబాయి భర్త ముత్తన్నను మించినవాడు లేడు. పండగైనా పెళ్ళైనా "ముత్తన్నను పిలువుండ్రి" అనేవాళ్ళు. పోయిన వానకాలం ఒక తడిసిన సాయంత్రం ఎవరి ఇంటికో కొండి వేస్తుంటే లైను అతన్ని పట్టుకుంది. ప్రాణం దక్కింది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

తారాబాయి బోధన్ దవాఖానా నుంచి వచ్చిన రోజే, బీడీ ఆకు కత్తిరించే కత్తెరతో ఇంటి మీది తీగను కత్తిరించి పారేసింది. రెండిళ్ళకూ అదే తీగ అని, తన మిద్దె మీదుగానే మరిది ఇంటికి పోతుందని ఆలోచించలేదు. తర్వాత మెడలోని బంగారు గుండ్లు తీసి ఇచ్చి, బోధన్ దుకాణం నుంచి సోలారు పలక, దాని బ్యాటరీ తెచ్చి మిద్దెకెక్కించింది. అప్పటినుంచి మొన్నటిదాకా దీపం మాట తప్పలేదు. వానలు పడుతున్నా, మబ్బు పట్టినా, అన్నం తిని చాటలు సర్దేదాకా వెలిగేది. ఇప్పుడు ఎండ కాస్తున్న రోజుల్లోనే ఆరుతోంది.

"మబ్బు కాదు, ఏం కాదు. ఖరాబు సామాను అంటగట్టిండ్రు ఆడమనిషికి," అన్నాడు దేవిదాస్.

"సామాను మంచిదే."

"మంచిదైతే ఆరుతదా?"

"ఎందుకారిందో చూస్త."

"చూడు. రేపు మాపటీల్దాకా చూడు. ఆ తర్వాత కొండి వడ్తది." అన్నవైపు తిరిగాడు. "ఏమే అన్నా? జర నువ్వన్న మాట్లాడరాదు?"

ముత్తన్న గడప పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎప్పటిలాగే కండువా కింద ఉంది. "నాదేమున్నది? మీరు మీరు మాట్లాడుకుంటున్నరు గద," అన్నాడు.

అత్త పెంటవ్వ పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "ఊరందరిది ఒక తొవ్వ, దీనిది ఒక తొవ్వ. కరెంటంటే మొగోని లెక్క, వస్తది పోతది. దాన్ని తిడ్తరు గని ఇడుస్తరా?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. తారాబాయి నవ్వలేదు. కందిలి వెలిగించి నడుమ పెట్టి, మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది. ఆ రాత్రి ముత్తన్న రొట్టె సగం వదిలేశాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

* * *

తెల్లారి ఆమె కార్ఖానాకు పోలేదు. రోజూ పొద్దెక్కాక రాత్రి చుట్టినవి ఆరడానికి ఇంట్లో వదిలి, అంతకుముందు రోజు బీడీలు గంపకెత్తుకుని పక్కూరి కార్ఖానాకు పోయి, అప్పజెప్పి, కొత్త ఆకు, జర్దా తెచ్చుకునేసరికి పొద్దు వాలేది. ఇవాళ తన గంప హన్మవ్వకిచ్చి పంపింది.

"మన ఇండ్లల్ల ఎవలైనా కార్ఖానా ఎగ్గొడ్తరా? పెయ్యి మంచిగ లేదా?" అంది హన్మవ్వ.

"నా పెయ్యి మంచిగనే ఉన్నది. దీపానికే మంచిగ లేదు."

ముందు బ్యాటరీ మూతలు తీసి చూసింది. దుకాణపాయన రాజేశ్వర్ చెప్పినట్టు నీళ్ళు గీతదాకా ఉన్నాయి. తీగల మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నిచ్చెనెక్కి పలక చూసింది. పిట్ట రెట్ట కూడా లేదు. వారానికోసారి తనే తుడుస్తుంది, మొన్న తుడిచినది తుడిచినట్టే ఉంది. కిందికి దిగి డబ్బా చూస్తే ఆకుపచ్చ చుక్క నిండుగా వెలుగుతోంది. అంటే పలక ఎండను పట్టి బ్యాటరీకి పంపుతూనే ఉంది.

అన్నీ బాగానే ఉంటే దీపం ఎందుకు ఆరుతోంది? తారాబాయికి పిచ్చెక్కినంత పనైంది. బర్రెకు గడ్డి కోసుకొద్దామని కొడవలి తీసుకుని చెరుకు గట్లవైపు వెళ్ళింది గానీ, చెయ్యి గడ్డి మీద, మనసు మిద్దె మీద. సగం మోపుతోనే తిరిగొచ్చింది.

వచ్చేసరికి నడినెత్తిన ఎండ. మబ్బులు విడిపోయి మాడు పగిలేలా కాస్తోంది. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క లేదు.

ఆమె గడ్డిమోపు అక్కడే వదిలేసి నిచ్చెన దగ్గరికి ఉరికింది. నిచ్చెన తను పెట్టిన చోట లేదు, పెరటివైపు మార్చి ఉంది. చప్పుడు చెయ్యకుండా ఎక్కి తల పైకెత్తింది.

పలక మీద పెంటవ్వ పాత చీర పరిచి ఉంది. మూలలు నాలుగూ ఇనుప చట్రం కిందికి దోపి, గాలికి లేవకుండా రాళ్ళు కూడా పెట్టింది. చీర నిండా బీడీలు, వరస తప్పకుండా, నవారు మంచం అల్లినంత ఒద్దికగా. పెంటవ్వ పక్కనే గొంతుక్కూర్చుని, కాకి వస్తే కొట్టడానికి చేతిలో చీపురు పట్టుకుని ఉంది.

"అత్తమ్మా!"

పెంటవ్వ ఉలిక్కిపడింది. వెంటనే తమాయించుకుంది. "ఏందే, గట్ల పిడుగు వడ్డట్టు అరుస్తవ్? పడిపోతుంటి."

"ఏం చేస్తున్నవ్?"

"కండ్లు కనవడ్తలేవా? బీడీలు ఆరబెడ్తున్న. ముసురుకు మెత్తవడ్డయని కార్ఖానల ఏరేటోడు దోసిళ్ళకు దోసిళ్ళు పారవోస్తుండని నువ్వే గద ఏడ్చినవ్? గిప్పుడు పారవోస్తుండా? నాలుగు దినాలయె, ఒక్క బీడన్న వాపసొచ్చిందా?"

నిజమే. నాలుగు రోజులుగా ఒక్క బీడీ వెనక్కి రాలేదు. ఏరేవాడి మనసు మెత్తబడిందేమో అనుకుంది తారాబాయి.

"వాకిట్ల పోస్తె కోళ్ళు. మిద్దె మీద పోస్తె చెమ్మ. గిదైతే రొట్టె పెంక లెక్క కాగుతది, మన్ను లేదు, మశి లేదు. గింత మంచి జాగ ఇంట్ల పెట్టుకోని బీడీలు మెత్తవడ్డయని ఏడ్చుడు తెలివా?"

తారాబాయికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియదు. "అత్తమ్మా, ఎండ పలక మీద వడ్తెనే దీపం. నువ్వు దానికి ముసుగేస్తివి. ఎట్ల ఎలుగుతది?"

"పల్చటి చీరనే గద కప్పిన! బొంత కప్పిన్నా? నా పెయ్యికి తాకే ఎండ నీ పలకకు తాకదా?"

"తాకదు."

"నాకేమెర్క?" పెంటవ్వ మొహం నిజంగానే చిన్నబోయింది. చీపురు పక్కన పెట్టింది. "నిన్న ఆ పసిగుడ్డు సీకట్ల ఏడ్చింది నా మూలాన్నేనా?"

తారాబాయి కోపం కాస్త దిగింది. రాళ్ళు తీసి, చీర కొసలు పట్టుకుని బీడీలు మూటగట్టింది. పలక మీద ఎండ భగ్గున పడింది. "నాతోని ఒక్క మాటనుంటే అయిపోతుండె గద అత్తమ్మా."

"నీకు చెప్పద్దన్నడు."

"ఎవలు?"

పెంటవ్వ తను అన్నదేమిటో అప్పుడు గ్రహించింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. పలకవైపు చూసింది, చెరుకుతోటవైపు చూసింది.

"ఎవలత్తమ్మా? దేవిదాసా?"

"వాడెందుకు చెప్తడు? వాని బిడ్డనే సీకట్ల పండవెట్టుకుంటడా?" గొంతు తగ్గించింది. "ముత్తడు చెప్పిండు. 'నడిపొద్దున గా అద్దం మీద ఎండవొయ్యి అవ్వా, మంచిగ కాగుతది, తారకు చెప్పకు, ఆమెకు ఇష్టముండదు' అన్నడు. నిచ్చెన గూడ వాడే పట్టిండు."

ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. తారాబాయి పట్టుకుంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచక మిద్దె మీదే కూలబడింది.

* * *

ముత్తన్న కొట్టం వెనకాల దొరికాడు. ఎడమచేత్తో బర్రెకు నీళ్ళు పెడుతున్నాడు. ఆమె చేతిలోని చీర మూట చూడగానే తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. ఆమె మూటను అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఎందుకు?" అంది.

అతను బర్రె ముందు కుండ ఇంకాస్త వంచాడు.

"నా మీద పగనా?"

"నీ మీద నాకేం పగ?"

"మరి? దవాఖానల నీ మంచం పక్కన కూసున్న దినం మొక్కుకున్న, ఇగ తీగ ఇంటి మొకం చూడద్దని. నీకెర్క లేదా?"

"ఎర్కే."

"ఎర్కుండి చేసినవా?"

ముత్తన్న కుండ కింద పెట్టాడు. "నువ్వు ఆ పలక పెట్టినకాంచి తొవ్వెంట పోయేటోళ్ళు మన మిద్దె దిక్కు చూస్తరు. 'ఎందుకొచ్చిందిది' అంటరు. ఎందుకొచ్చిందో చెప్తరు. చెప్పి, నా సెయ్యి దిక్కు చూస్తరు. దినాం గదే. దీపమెలిగినప్పుడల్లా నా సెయ్యి మాటనే. తీగ మల్ల వస్తె అందరి ఇండ్ల లెక్క మన ఇల్లు. అప్పుడు మర్సిపోతరు."

"నువ్వు మర్సిపోతవా?"

అతను మొహం తిప్పుకున్నాడు.

"ఆ మాట నాకు చెప్పరాదా? పలక దింపి పెరట్ల పెడుదుము. వేరే ఏదన్న చూద్దుము. పసిపిల్లను సీకట్ల పెడ్తివి గద."

"చెప్పు," అన్నాడు ముత్తన్న గట్టిగా. "పోయి తమ్మునికి చెప్పు. హన్మవ్వకు చెప్పు. పెండ్లాం దీపం ఆర్పిన మొగోడని ఊరంత చెప్పు. గదొక్కటే తక్కువున్నది నాకు."

తారాబాయి అతన్ని కొడదామన్నంత కోపంలో ఉంది. కానీ కండువా జారి, ముడుచుకుపోయిన ఆ చెయ్యి బయటపడింది. అతను దాన్ని వెంటనే దాచుకున్నాడు, తన దగ్గర కూడా. రాత్రీ పగలూ చూసే తన దగ్గరే దాచుకున్నాడు! ఆమెకు గుండె నీరైపోయింది. నీరైనంత మాత్రాన పట్టు సడలే మనిషి కాదు.

"నేను చెప్ప," అంది. "నా నోటితోని చెప్ప."

మూట అక్కడే వదిలి ఇంట్లోకి నడిచింది.

* * *

దేవిదాస్ అన్నట్టే పొద్దు వాలక ముందు వచ్చాడు. పొడుగాటి వెదురు గడ తెచ్చాడు, కొసన ఇనుప కొండి బిగించి ఉంది. అప్పటికే మళ్ళీ మబ్బు కమ్మింది. సన్నని తుప్పర మొదలైంది. కార్ఖానా నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు గంపలతోనే వాకిట్లో ఆగారు. దేవిదాస్ భార్య ప్రమీల పిల్లను ఒళ్ళో వేసుకుని తన గడపలో కూర్చుంది.

"వదినె, ఎందుకారిందో తెలిసిందా?"

పెంటవ్వ నోరు తెరవబోయింది. తారాబాయి అత్తవైపు ఒక్క చూపు చూసింది. పెంటవ్వ నోరు మూసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆ నోరు అంత తొందరగా మూతబడటం హన్మవ్వ ఎన్నడూ చూడలేదు.

"తెలిసినా తెలువకున్నా మాట మాటే," అంది తారాబాయి. అరుగు మీది తీగ చుట్ట తీసుకొచ్చి మరిది చేతిలో పెట్టింది. "నేనే తెచ్చి ఇస్తనన్న. ఇచ్చిన. కొండి ఎవలేస్తరు?"

దేవిదాస్ తడబడ్డాడు. "ఇప్పుడు కొండేసే కాశయ్యను రమ్మన్న. బండి కట్టుకోని బోధన్ పోయిండట." వాకిట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు మగవాళ్ళవైపు చూశాడు. ఒకడు తుప్పరను తిట్టుకుంటూ గొంగడి సవరించుకున్నాడు. ఇంకొకడికి ఉన్నట్టుండి తన ఎడ్లు గుర్తొచ్చాయి. కరెంటు అందరికీ కావాలి, కొండి ఎవరికీ వద్దు.

"నేనేస్త," అన్నాడు ముత్తన్న.

పెంటవ్వ లబోదిబోమంది. "ఒద్దు కొడుకా! నీ కాల్మొక్త, ఒద్దు!"

"ఒక్క సెయ్యితోని ఎట్లేస్తవన్నా?" అన్నాడు దేవిదాస్. గొంతులో భయం వినిపించింది.

"ఒక్కటి సాలు." ముత్తన్న ఎడమచేత్తో గడ అందుకున్నాడు. అతని చూపు తారాబాయి మీదే ఉంది. చెప్పు, ఇప్పుడన్న చెప్పు అన్నట్టుంది ఆ చూపు. చెబితే అతను గడ కింద పడేస్తాడు, మళ్ళీ తలెత్తడు. చెప్పకపోతే లైను దగ్గరికి పోతాడు.

తారాబాయి ముందుకొచ్చి గడ మొదలు పట్టుకుంది.

"ఇయ్యి," అంది.

"ఏంది?"

"కొండి నేనేస్త."

"నీకేమొస్తది?"

"నువ్వు చెప్తవు గద. ఊరందరికి వేసినోనివి." గడ లాక్కుంది. తడి నేల మీద దాన్ని మోసుకుంటూ గట్టు దాటి లైను కిందికి నడిచింది. వెనకాల అందరూ కదిలారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. చెరుకులో మోటర్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అంటే లైనులో కరెంటు ఉంది. మోటర్లు ఆగితే తప్ప ముత్తన్న ఏనాడూ గడ ఎత్తేవాడు కాదు, ఆ ఒక్క సాయంత్రం తప్ప.

ఆమె గడ నిలబెట్టింది. తుప్పరకు వెదురు నల్లగా తడిసింది. పొడుగు గడ, పైన ఇనుము, కొస ఊగుతోంది. రెండు చేతులా బిగించి పైకెత్తింది.

"ఏ తీగకు వెయ్యాలె?" అని అరిచింది, వెనక్కి చూడకుండా. "పైదానికా, కిందిదానికా? చెప్పు!"

"తారా, దించు! మోటర్లు నడుస్తున్నయ్!"

"ఇనవడ్తున్నది. ఏ తీగకు?"

"దించే! గడ తడిసింది!"

"నీదీ తడిసే ఉండె గద ఆ దినం. పైదానికా?"

కొండి తీగకు జానెడు దూరం దాకా లేచింది. ప్రమీల పిల్లను గుండెకు అదుముకుని కళ్ళు మూసుకుంది. దేవిదాస్ చేతిలోని తీగ చుట్ట బురదలో పడిపోయింది. "వదినె, నాకు కరెంటొద్దు, ఏమొద్దు, ఇడిసిపెట్టు," అని గొణిగాడు. అది ఆమెదాకా చేరలేదు. చేరినా ఆమెకు కావలసిన మాట అది కాదు.

ముత్తన్న ఉరికొచ్చి ఆమెకు పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. ముట్టుకుంటే గడ ఎటు ఊగుతుందో అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. కండువా ఎక్కడో జారిపోయింది. కుడిచెయ్యి బయటే ఉంది.

"పలక తప్పు లేదు!" అరిచాడు ముత్తన్న. "పలక మంచిగనే ఉన్నది! దాని మీద బీడీలు ఎండవొయ్యిమని అవ్వకు చెప్పింది నేను. దీపం ఆర్పింది నేను. ఇంటున్నరా? నేనే! ఇగ దించు!"

వెంట వచ్చినవాళ్ళంతా అతనివైపు తిరిగారు. దేవిదాస్ నోరు తెరిచి అన్ననే చూస్తున్నాడు. ముత్తన్న తల దించుకోలేదు. ఆ చెయ్యీ దాచుకోలేదు, దాచుకోవాలని గుర్తు లేదేమో.

తారాబాయి గడను ఇంకాస్త బిగించి పట్టుకుంది. భుజాలు గుంజుతున్నాయి. వాన పెరిగి కళ్ళలో నీళ్ళు పడుతున్నాయి, అందులో తనవెన్నో వానవెన్నో ఆమెకే తెలియదు. అయినా గడ దించలేదు.

"ఇంక ఈ ఇంట్ల ఎవ్వలూ కొండి పట్టరని గూడ చెప్పు," అంది. "నువ్వూ పట్టవని చెప్పు. నీ నోటితోనే."

ముత్తన్న ఆ కుడిచెయ్యిని అందరికీ కనబడేలా ఎత్తి, "పట్ట. ఇగ నేనూ పట్ట," అన్నాడు. తారాబాయి గడ దించింది.